ఏడో గ్లాసు వాసన

మేడ మీద బట్టలు ఆరేస్తుంటే మాడువాసన వచ్చింది. పక్కింటివాళ్ళదేమో అనుకున్నాను. రెండు చీరలు ఆరేసేసరికి అది మా కిటికీలోంచే వస్తోందని అర్థమై మెట్లు దిగి పరుగెత్తాను. మా బావ పొయ్యికి రెండడుగుల దూరంలో నిలబడి పేపరు చదువుతున్నాడు.

"బావా, పాలు మాడుతున్నయ్! తెలుస్తలేదా?"

ఆయన గిన్నెలోకి చూశాడు. పైన మీగడ తెల్లగానే ఉంది. "ఏడ మాడుతున్నయే? వాసనేం వస్తలేదు గదా" అన్నాడు.

నేను పొయ్యి ఆర్పి ఆయన ముఖం చూశాను. వేళాకోళం కాదు. ఆయనకు నిజంగానే తెలియలేదు.

బావ అంటే మా మేనత్త కొడుకు. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఆ పిలుపే ఉండిపోయింది. తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ళ ముందటి మాట ఇది. ఉప్పల్‌లో ఒక ఇంటి పై అంతస్తులో రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. ఆయన నాచారం పారిశ్రామికవాడలో, బిస్కెట్లలో, ఐస్‌క్రీముల్లో కలిపే సువాసనలు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేసేవాడు. ఆ కంపెనీలో తయారైన ప్రతి సరుకునూ వాసన చూసి సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి ఆరుగురు ఉండేవాళ్ళు. ఆ ఆరుగురిలో మా బావ ఒకడు.

అంటే ఆయన ముక్కే ఆయన ఉద్యోగం.

పది రోజుల క్రితమే ఆయన విషజ్వరం నుంచి లేచాడు. జలుబు తగ్గాక ముక్కు తెరుచుకుంటుందిలే అనుకుంటున్నాడు గాని, నాతో చెప్పలేదు. ఆ పొద్దున కళ్ళు మూసుకోమని చెప్పి ఇంగువ డబ్బా ముక్కు కింద పెట్టాను. తెలియలేదన్నాడు. కొబ్బరినూనె, ఫినాయిలు, నలిపిన కరివేపాకు, ఒక్కొక్కటే పెట్టాను. ప్రతిసారీ "ఇంకోటి తే" అన్నాడు. చివరికి కిరోసిన్ సీసా మూత తీసి పెట్టాను. గట్టిగా పీల్చి, "ఇవి నీళ్ళా?" అన్నాడు. 

కోఠి దగ్గర పెద్ద దవాఖానాకు వెళ్ళాం. డాక్టరు ముక్కులో దీపం వేసి చూసి, జ్వరానికి వాసన నరం దెబ్బతిందన్నాడు. ఆరు నెలల్లో రావచ్చు, రాకపోనూవచ్చు. మందేమీ లేదు.

బస్సులో వస్తూ బావ ఒక్కటే మాటన్నాడు. "వానకాలం పోయినంక నన్ను పర్మినెంటు చేస్తరు. అప్పటిదాక ఎవ్వలకు తెల్వొద్దు."

ల్యాబులో రోజువారీ పని ఎలాగో నెట్టుకొచ్చాడు. ఏ బ్యాచ్ మీదనైనా ఇద్దరు సంతకాలు పెట్టాలి. పక్కనున్నవాడు రాసిన చీటీ చూసి తనూ అదే రాసేవాడు. ఆ సంగతి నాకు చెప్పాడు. "చిన్నపిల్లలు తినే బిస్కెట్లు గదా బావా, అవతలోడు తప్పు రాస్తే?" అని అడిగాను. "వాని ముక్కు మంచిదే" అని ముఖం తిప్పుకున్నాడు. మళ్ళీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఇంకో ధైర్యం మాత్రం చేశాను. అదే ఇక్కడ చెప్పాలి.

ఆ ల్యాబుకు పెద్దసారు ఒకాయన ఉండేవాడు. కాకినాడ వైపు మనిషి, మాట మెత్తన, పని గట్టి. నెలకోసారి ఆరుగురినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి వైను రుచి చూపించేవాడు. తాగడానికి కాదు. గ్లాసు తిప్పి, వాసన చూసి, ఒక గుక్క నోట్లో పుక్కిలించి బొచ్చెలో ఉమ్మేయాలి. ఆ వాసనలో ఏమేం ఉన్నాయో విడదీసి చెప్పాలి. ముక్కుకు వైను కంటే మంచి బడి లేదని ఆయన నమ్మకం. అయితే కంపెనీ దానికి ఇచ్చేది చాలా తక్కువ. తక్కువలో మంచి సీసాలు వెతికి తెచ్చే పని మా బావది.

ఆ పనిలో ఆయనకు మంచి ఒడుపుండేది. ఉప్పల్‌లో ప్రతి మలుపులోనూ వైన్స్ అనే బోర్డు ఉండేది గాని, అక్కడికి వచ్చి వైను అడిగేవాడు మాత్రం ఉండడు. అందరికీ బీరూ బ్రాందీనే కావాలి. నాసిక్ వైపు నుంచి వచ్చిన మంచి సీసాలు కూడా పై అరలో దుమ్ము పట్టి, చివరికి షాపువాళ్ళు ఎంతకో ఒకంతకు వదిలించుకునేవాళ్ళు. జూన్ ఆఖరుకు వాళ్ళ లైసెన్సు గడువు ముగిసేది. ఆ వారంలోనైతే సగం ధరకే ఇచ్చేవాళ్ళు. బావ చూసే పద్ధతి నాకూ నేర్పాడు. నిలబెట్టిన సీసా కంటే పడుకోబెట్టిన సీసా మేలు. రేకు కప్పు వేడి తగిలే అరలో ఉన్నది ముట్టుకోవద్దు. మెడలో వైను కిందికి దిగి ఉంటే వద్దు. బిరడా పైకి ఉబికి ఉన్నా, మూత చుట్టూ జిగురు తగిలినా ఎండదెబ్బ తిన్నట్టే. ఇవన్నీ కంటితో, చేత్తో తెలిసేవి. అసలు సంగతి మాత్రం బిరడా తీశాకే తెలుస్తుంది. దానికి ముక్కు కావాలి.

ఆ నెల శనివారం సాయంత్రం ఆయన ఆరు సీసాలు తెచ్చి చాప మీద వరసగా పెట్టాడు. తలుపు గడియ పెట్టి, నా ముందు కూర్చుని, "వాసన చూసి చెప్పే" అన్నాడు.

నేను అప్పటికి మందు ముట్టినదాన్ని కాదు. మా నాయన తాగి వచ్చిన రోజుల వాసన తప్ప నాకేం తెలియదు. మొదటి గ్లాసు దగ్గరికి తెచ్చుకోగానే ఒళ్ళు జలదరించింది. కళ్ళు మూసుకుని మళ్ళీ పీల్చాను. మెల్లగా లోపల ఇంకోటి తగిలింది.

"నేరేడుపండ్లు రాలి నలిగిన జాగ లెక్కుంది" అన్నాను. "ఇంకా... బంతాకు నలిపినట్టు."

ఆయన రాసుకున్నాడు. రెండోదానిలో నానిన చింతపండు, మూడోదానిలో జామపండు, తడి మట్టి. నేను చెబుతున్నది బావ ఒక్కొక్కటీ రాసుకుని, తర్వాత తను ఒక గుక్క నోట్లో పోసుకుని పక్కన ఇంకేదో గుర్తు పెట్టుకునేవాడు. ఆయన నాలుకకు పులుపు, తీపి, వగరు, చేదు తెలుస్తున్నాయి. పెద్దసారు సీసాలకు కాగితం చుట్టి, వరస మార్చి పోస్తాడు కాబట్టి, ఏది ఏదో రంగును బట్టి, పులుపును బట్టి పోల్చుకుని, నా మాటలు అప్పజెప్పాలి. పరీక్షకు పోయే పిల్లవాడిలా ఆయన ఆ ఆరు గుర్తులూ స్నానం చేస్తూ కూడా వల్లించాడు.

మొదటి నెల గట్టెక్కాడు. రెండో నెల పెద్దసారు మెచ్చుకున్నాడట. "ఇంతకుముందు పుస్తకంలో మాటలు చెప్పేవాడివి. ఇప్పుడు నిజంగా వాసన చూస్తున్నావయ్యా" అన్నాడట. ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి, అన్నం సగం తిని చెయ్యి కడుక్కున్నాడు. నేను సంతోషపడాలో భయపడాలో తెలియక కంచం తీశాను.

జూన్ ఆఖరు వారం వచ్చింది. ఏడాది పొడవునా పోల్చి చూడటానికి ఒకే రకం వైను డజను సీసాలు కావాలని పెద్దసారు అడిగాడు. చౌరస్తాకు అవతలి షాపులో మూడు పెట్టెలు ఉన్నాయి, మూడూ వేరువేరు రకాలు. షాపతను పెట్టె మొత్తం తీసుకోవాలన్నాడు, తిరిగి తీసుకోనన్నాడు, సాయంత్రానికి ఇంకొకరు వస్తున్నారన్నాడు. ఇంటికి తెచ్చి వాసన చూసే వీలు లేదు.

"నేనొస్త పా" అన్నాను.

"గాడికా? నీకేమన్న పిచ్చా?"

"పన్నెండు సీసాలు పులిసిపోయినయి తీస్కపోతె ఏం జెప్తవ్?"

ఆయన స్కూటరు తాళం తీసుకున్నాడు. నేను సంచిలో స్టీలు గ్లాసు పెట్టుకుని, కొంగు తలమీదుగా తీసుకుని స్కూటరెక్కాను.

మిట్టమధ్యాహ్నం. షాపు జాలీ ముందు పది పదిహేనుమంది మగవాళ్ళు చేతులు లోపలికి చాపి అరుస్తున్నారు. నన్ను చూడగానే అరుపులు ఆగిపోయాయి.  షాపతను జాలీ పక్క తలుపు సగం తీసి, "అక్కా, నువ్వెందుకొచ్చినవ్ ఈడికి? ఏందన్నా, గింత తెల్వదా నీకు?" అని బావను కసిరాడు.

"జర లోపటికి రానియ్ అన్నా. ఒక్కొక్క పెట్టెల ఒక సీసా తీసి చూస్తం. తీసినవాటి పైసలు మావే" అన్నాడు బావ.

వెనక ఎవడో, "అక్కకు సోడా గూడ ఇయ్యిన్రి" అన్నాడు. నలుగురు నవ్వారు. బావ వెనక్కి తిరిగాడు. ఆయన మెడ మీద నరం లేవడం చూసి, మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగాను.

లోపల అట్టపెట్టెల మధ్య నిలబడి స్టీలు గ్లాసులో పోయించుకున్నాను. బయట ఉమ్మి, బీడీ పొగ, పక్కన పగిలిన బీరు వాసన. వాటన్నిటినీ దాటి గ్లాసులోది పట్టుకోవాలి. మొదటిది పచ్చడి జాడీ అడుగున మిగిలిన పులిసిన నీళ్ళలా ఉంది. తల అడ్డంగా ఊపాను. రెండోది ఉడికిన బెల్లం, ఎండలో పెట్టిన ప్లాస్టిక్కు డబ్బా. వద్దన్నాను. షాపతను ముఖం మాడ్చుకున్నాడు. మూడోదాన్ని రెండుసార్లు పీల్చాను, నా గుండె చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు. గోడ వైపు తిరిగి, కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ పీల్చాను. నేరేడు, కొంచెం మిరియం, వాన పడ్డ మట్టి.

"గిదే" అన్నాను.

పెట్టె పట్టుకుని బయటికి వస్తుంటే వరసలో ఒక ముఖం తెలిసినట్టనిపించింది. మా ఇంటి ఓనరమ్మ తమ్ముడు. ఆయనా నన్ను చూశాడు. ఇంట్లో మందు వాసన తగిలితే ఆ రోజే ఖాళీ చేయిస్తానని మేం చేరిన రోజే ఓనరమ్మ చెప్పింది.  ఆయన చేతిలోని నోటు చటుక్కున జేబులో పెట్టుకుని, తలవంచుకుని పక్కకు జరిగాడు. తను మందు మానేశానని అక్కతో ఒట్టు పెట్టాడని తర్వాత తెలిసింది. నేను వచ్చినట్టు ఆయన చెప్పలేదు, ఆయన వచ్చినట్టు నేను చెప్పలేదు. కాని ఆ వారమంతా మెట్ల మీద అడుగుల చప్పుడైతే కుట్టుమిషను ఆపి వినేదాన్ని.

ఆ తర్వాతి ఆదివారం ల్యాబులో గోడలకు రంగులు వేస్తున్నారు. రంగు వాసనలో పరీక్ష కుదరదని పెద్దసారు అందరినీ సైనిక్‌పురిలో తన ఇంటికి పిలిచాడు. ఆడవాళ్ళనూ తీసుకురమ్మన్నాడు, మధ్యాహ్నం భోజనాలు అక్కడే. ఆ డజను పెట్టె గాక, ఎప్పటిలా నేను వాసన చూసి చెప్పిన ఆరు రకాల సీసాలు ముందురోజే ఇచ్చేశాం. బావ ఆరు గుర్తులూ వల్లించుకున్నాడు.

హాల్లో బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు. ఆడవాళ్ళం లోపలి గదిలో. పెద్దసారు భార్య వంటింట్లోంచి, "అమ్మాయీ, కాస్త ట్రేలు అందిస్తావా?" అని నన్ను పిలిచింది. వెళ్ళాను. పెద్దసారు గట్టు దగ్గర నిలబడి కొలిచి పోస్తున్నాడు. ఒక్కో వైనుకు ఒక ట్రే, ట్రేలో ఆరు చిన్న గ్లాసులు. నేను తీసుకెళ్ళి ఒక్కొక్కరి ముందు ఒక్కోటి పెట్టాలి. అందరూ రుచి చూశాక చివరి కుర్చీ నుంచి వరసగా చెబుతారు. ఆ చివరి కుర్చీ బావది.

ఆరు ట్రేలు అయ్యాయి. ఆరూ పోల్చుకున్నాడు. ఆయన భుజాలు దిగడం గుమ్మంలోంచి చూసి నేనూ ఊపిరి తీసుకున్నాను. ఖాళీ ట్రేతో వంటింట్లోకి వస్తే, పెద్దసారు అల్మరాలోంచి ఇంకో సీసా తీస్తున్నాడు.

"ఇంకోటుందా సార్?" అన్నాను.

"ఏడోది. నా దగ్గరే చెడిపోయింది, కావాలనే దాచాను" అని భార్య వైపు చూసి చిన్నగా నవ్వాడు. "పైకి ఏం తెలీదు. రంగూ అదే, పులుపూ అదే. ముక్కున్నవాడే పట్టుకుంటాడు. ఎవరిని ఖాయం చెయ్యాలో ఇవాళ తేలిపోతుంది."

ట్రే నా చేతికిచ్చాడు. వంటింటి నుంచి బల్లకు పన్నెండడుగులు ఉంటాయేమో. గ్లాసుల్లోంచి వాసన నా ముఖానికి తగిలింది. తడిసి ముక్కిన గోనెసంచి. ఎన్నాళ్ళో తెరవని చెక్కపెట్టె. బావ దీన్ని నోట్లో పోసుకుంటాడు, ఇందాకటి మూడో ట్రేలోదానికి దగ్గరగా ఉందనుకుంటాడు, నేరేడుపండ్లు అంటాడు. నాకు ఆ మాట ఆయన నోట్లోంచి వస్తున్నట్టే వినబడింది.

మేం ఏ సైగా అనుకోలేదు. ఒక్కొక్కరి ముందు గ్లాసు పెడుతూ పోయాను. ఒకాయన మొహం చిట్లించాడు, ఒకాయనకు ఏమీ తెలియలేదు. ఐదుగురికి పెట్టేశాను. చివరి గ్లాసు ట్రేలో ఉంది.  పడేద్దామనుకున్నాను. పగిలితే తుడవడానికి గుడ్డ కావాలంటాను, బావ లేస్తాడు, చెవిలో ఒక్క మాట వేస్తాను. నా చేతుల్లో ట్రే ఒకపక్కకు వాలింది.

బావ లేచి నిలబడ్డాడు. ట్రే కింద చెయ్యి పెట్టి ఆపాడు.

"సార్," అన్నాడు, "నాకు వాసన తెలుస్తలేదు. జ్వరమొచ్చినప్పటి సంది తెలుస్తలేదు. మూడు నెలలాయె."

 పెద్దసారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మరి ఇన్నాళ్ళూ చెప్పిందంతా?" అన్నాడు.

"నా భార్య చెప్పింది సార్. నేను రాసుకున్న."

పెద్దసారు వచ్చి ఆ గ్లాసు తీసి నా వైపు చాపాడు. "చెప్పమ్మా."

నేను బావ వైపు చూశాను. ఆయన తల ఊపాడు. వాసన మళ్ళీ చూడనక్కర్లేకపోయింది. "చెడిపోయింది సార్. ముక్కిన గోనెసంచి లెక్కుంది" అన్నాను. 

ఆయన మెచ్చుకోలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి బావ వైపు తిరిగాడు. "నువ్వు సంతకాలు పెట్టిన సరుకు పిల్లలు తింటారయ్యా. జబ్బు చేసిందంటే నేను కోప్పడతానా? దాచావు చూడు, అది." అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. తర్వాత, "భోజనం చేసి వెళ్ళండి" అన్నాడు. తిన్నాం. పప్పులో ఉప్పుందో లేదో నాకు గుర్తు లేదు. మౌలాలి మీదుగా స్కూటరు మీద ఇల్లు చేరాం.

కబురు చేసేదాకా రావద్దన్నారు. రెండు వారాలు ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఆయన సంతకం పెట్టిన బ్యాచ్‌లన్నీ మళ్ళీ పరీక్షించారని, దేనిలోనూ తప్పు దొరకలేదని తోటివాడొకడు వచ్చి చెప్పాడు. ఆ మాట విని నేను పక్క గదిలోకి పోయి ఏడ్చాను. తర్వాత పిలుపు వచ్చింది. ఉద్యోగం తీసెయ్యలేదు, స్టోర్స్‌లోకి మార్చారు. డ్రమ్ములు లెక్కపెట్టి లారీలకు ఎక్కించే పని. దాంతోపాటు పెద్దసారు ఇంకో మాట పంపాడు. వారానికి మూడు రోజులు నన్ను వాసన చూడటానికి రమ్మని.

బావ ఆ సంగతి చెప్పి చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు.

"నా కుర్సీల నువ్వు కూసుంటవా?"

"నువ్వు వద్దంటే పోను."

"వద్దంటే రేపు నన్నే అంటవ్."

"ఎన్నడన్న అన్ననా నిన్ను?"

"అననందుకే గదా" అని మేడ మీదికి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు మాటల్లేవు. నేను కుట్టిన జాకెట్లన్నిటికీ చంకలు తేడా వచ్చాయి. ఐదో రోజు పొద్దున కింద స్కూటరు స్టార్టయిన చప్పుడు వినబడింది. పోతున్నాడనుకున్నాను. పోలేదు. హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఓనరమ్మ బయటికి వచ్చి, "ఏందయ్యా పొద్దుగాల?" అంటోంది. నేను జడ వేసుకుంటూనే దిగాను.

ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు వీపు ఆనించలేకపోయాను. కిటికీలోంచి చూస్తే స్టోర్స్ షెడ్డు కనబడేది. ఆయన అటు నుంచి ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

చలికాలంలో ఆయనకు వాసన తిరిగి రావడం మొదలైంది, అదీ వంకరగా. కాఫీ కాలిన టైరులా ఉందనేవాడు, మల్లెపూలు పెట్టుకుంటే పక్కకు జరిగేవాడు. ఏడాదికి గాని అన్నీ సర్దుకోలేదు. వెళ్ళి తన కుర్చీ మళ్ళీ ఇమ్మని పెద్దసారును అడిగాడు. ఆరు కుర్చీలూ నిండి ఉన్నాయన్నాడట. నేను మానేస్తానన్నాను. "స్టోర్ల నాకేం ఫికర్ లేదు, నువ్వు చేస్కో" అన్నాడు. అందులో నిజమెంతో నాకు ఇప్పటికీ తెలియదు. వైను కొనే పని మాత్రం మళ్ళీ ఆయనకే వచ్చింది. జూన్ ఆఖరున షాపులన్నీ తిరిగి మంచి సీసాలు ఏరి తెచ్చేవాడు, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు.

రాష్ట్రం వచ్చిన ఏడాది మాట. అప్పటికి నాచారం మారిపోయాం. ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. అన్నేళ్ళూ అడగని మాట ఆ రోజు ఎందుకో అడిగాను.

"గా సైనిక్‌పురిల ఎందుకు లేసినవ్ బావా? జర ఆగితె నేనేదో ఒకటి జేద్దును."

"నువ్వు ట్రే పడేస్తవని తెలిసింది. నీ చేతులు సూసిన" అన్నాడు. "అందరి ముంగట నువ్వు గ్లాసులు పలగ్గొట్టి, కింద కూసోని ఏరుతుంటె నేను కుర్సీల కూసోని సూడాల్నా?"

"పడేద్దామనే అనుకున్న" అన్నాను.

"తెలుసు" అని ఆయన ఇంకో కాయ తీసుకుని ఈనె లాగాడు.